తెలీదన్నా రెండు మార్కులే

అమెరికా ఆస్పత్రిలో చేరిన మన పెద్దవాళ్ల తిండి గురించి నోవై నుంచి ముఖచిత్ర కథనం కావాలి, అదీ ఈ ఆదివారానికే అన్నారు ఎడిటర్. ఇన్సూరెన్సు, బిల్లులు, మందులు... రాయడానికి చాలానే ఉన్నాయి. నన్ను పట్టి ఆపింది మాత్రం రెండు ప్రశ్నల కాగితం.

మిషిగన్‌లోని ఈ ఊళ్లో టాఫ్ట్ రోడ్డులో వేంకటేశ్వరుడి గుడి, గ్రాండ్ రివర్ అవెన్యూలో హెన్రీ ఫోర్డ్ ప్రావిడెన్స్ ఆస్పత్రి ఉన్నాయి. పిల్లల దగ్గరికొచ్చిన అమ్మానాన్నలు అమెరికాలో ఏ ఆస్పత్రిలో చేరినా, సాధారణంగా 24 గంటల్లోపే నర్సు తిండి సంగతి ఆరా తీస్తుంది. అందుకు విరివిగా వాడేది మాల్‌న్యూట్రిషన్ స్క్రీనింగ్ టూల్. నేను చెప్పిన రెండు ప్రశ్నల కాగితం అదే.

మొదటి ప్రశ్న: ప్రయత్నమేమీ లేకుండానే ఈమధ్య బరువు తగ్గారా? లేదంటే సున్నా. అయిదు కిలోల దాకా తగ్గితే ఒకటి, ఆరు నుంచి పదైతే రెండు, ఆపైన మూడు, నాలుగు. రెండోది: ఆకలి లేక సరిగా తినడం లేదా? అవునంటే ఒకటి. మొత్తం రెండు దాటక్కర్లేదు, రెండు వస్తే చాలు, డైటీషియన్‌కు కబురు వెళ్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. బరువు తగ్గారో లేదో తెలీదన్నా రెండు మార్కులే. తెలియనివాళ్లను ఆరోగ్యవంతుల్లో కలిపేయకుండా, ముందు చూసి తేల్చుకుందామనే ఏర్పాటు అది.

మనవాళ్లు సరిగ్గా అక్కడే తప్పిపోతారు. గాజులు మోచేతి దాకా జారుతుంటాయి, జాకెట్టు వదులైపోతుంది, పూటకు నాలుగు ముద్దలు కూడా దిగవు. అయినా నర్సు అడిగితే "బాగానే తింటున్నానమ్మా" అంటారు. లేదా పక్కనున్న కొడుకే ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పేస్తాడు. రెండు సున్నాలు పడతాయి, డైటీషియన్ ఆ గది వైపే రారు. ఇంగ్లిష్ రాని రోగికి ఇంటర్‌ప్రెటర్‌ను ఉచితంగా ఏర్పాటు చేయాల్సిన బాధ్యత ఆస్పత్రిదే. మొహమాటపడకుండా అడగాలి.

చరిత్ర క్లుప్తంగా: ఆస్పత్రుల్లోనే రోగులు చిక్కిపోతున్నారని 1974లో చార్లెస్ బటర్‌వర్త్ అనే డాక్టరు అమెరికాను హెచ్చరించారు. 1999లో ఆస్ట్రేలియాలో ఈ రెండు ప్రశ్నలు పుట్టాయి. 2003లో యూరప్ నుంచి, వయసునూ జబ్బు తీవ్రతనూ కలిపి లెక్కించే ఎన్‌ఆర్‌ఎస్-2002 అనే మరో స్క్రీనింగ్ పద్ధతి వచ్చింది.

తిండితో ప్రాణాలు నిలుస్తాయా? 2019లో లాన్సెట్‌లో వచ్చిన 'ఎఫర్ట్' అధ్యయనం చూడండి. స్విట్జర్లాండ్‌లోని 8 ఆస్పత్రుల్లో, పోషకాహార ముప్పు ఉందని తేలిన రెండువేల మందికి పైగా రోగుల్లో సగం మందికి మామూలు ఆస్పత్రి భోజనం పెట్టారు. మిగతావారికి మనిషిని బట్టి కేలరీలు, ప్రోటీన్ లెక్కగట్టి ఇచ్చారు. నెల రోజుల్లో మరణాలు మొదటి గుంపులో 10 శాతం, రెండో గుంపులో 7 శాతం.

లంఖణం పరమౌషధమని వింటూ పెరిగాం. ఒకపూట అజీర్తికి అది సరే. న్యుమోనియాతో మంచం పట్టిన డెబ్బై ఏళ్ల మనిషికి తిండి అందకపోతే ఒంట్లోని కండే కరుగుతుంది. గంజి, చారన్నంతో ఆ లోటు పూడదు.

అందుకే అమ్మ తరఫున మీరు జవాబు చెప్పకండి, ఆమెనే చెప్పనివ్వండి. తెలియకపోతే తెలీదనే చెప్పమనండి.

ఆస్పత్రికి వెళ్తే

• పాత చీటీల్లోని బరువులు తేదీలతో పట్టుకెళ్లండి. అక్కడ లెక్క పౌండ్లలో: కిలోకు 2.2.

• శాకాహారమా, ఉపవాసాలున్నాయా ముందే చెప్పండి. పప్పు, పెరుగు, తినేవాళ్లయితే గుడ్డు అడగండి.

• కిడ్నీ జబ్బుంటే ప్రోటీన్ ఎంతో డైటీషియనే చెప్పాలి. ఇంటి క్యారియర్ తెచ్చేముందు నర్సును అడగండి.

• చాలా రోజులు తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దు. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు.