ట్రాక్టరు పలకమీది దీపాలు - కొత్త డ్రైవర్లకు కొన్ని మాటలు



ఎద్దుకు ఒంట్లో బాగా లేకపోతే మనకు ఒకరు చెప్పనక్కరలేదు. మేత ముట్టదు, నెమరు వేయదు, చెవులు వాల్చేస్తుంది. చూడగానే కాడి దించుతాము. ట్రాక్టరు ఇంజను అట్లా కాదు. లోపల ఎంత చెడినా పైకి అదే మోత, అదే పరుగు. ఆ చెడును మనకు చెప్పడానికే స్టీరింగు ముందున్న పలకమీద నాలుగైదు చిన్న దీపాలు, ఒకటి రెండు ముళ్లు అమర్చారు. కొత్తగా ట్రాక్టరు పట్టిన కుర్రవాళ్లు గేర్లు, హైడ్రాలిక్కు, నాగలి లోతు ఇవన్నీ పదిరోజుల్లో నేర్చుకొంటున్నారు గాని, ఈ పలకవైపు చూడడం మాత్రం వారికి ఎవరూ నేర్పడం లేదు. అందుచేత ఈ సంగతి కొంచెం వివరంగా చెప్పుకుందాము.

ముందు రంగుల మాట. ఎర్రదీపం వెలిగితే పని ఆపమని. పసుపుపచ్చ వెలిగితే ఏదో లోపం మొదలైంది, త్వరలో చూడమని. ఆకుపచ్చ, నీలం దీపాలు ఫలానాది పనిచేస్తున్నదని తెలియజేయడానికే. వాటికి కంగారు పడవలసిన పని లేదు.

తాళంచెవి తిప్పి, సెల్ఫు కొట్టకుండా ఒక్క క్షణం ఆగండి. ఆయిలుడబ్బా బొమ్మ ఉన్న దీపం, బ్యాటరీ బొమ్మ ఉన్న దీపం రెండూ వెలగాలి. ఇంజను అందుకున్న కొద్ది సెకనులలో రెండూ ఆరిపోవలెను. అసలు వెలగనే లేదంటే అంతా బాగున్నదని సంతోషించకండి. బల్బు మాడిందో, వైరు ఊడిందో, కావలివాడు నిద్రపోయాడన్న మాట! దీపం ఊరికే వెలుగుతూ విసిగిస్తున్నదని వైరు పీకి పక్కన చుట్టిపెట్టిన బండ్లు కూడా ఉన్నవి. అంతకంటె తెలివితక్కువ పని ఇంకొకటి లేదు.

ఇంజను లోపల ఇనుము ఇనుమును రాసుకొని తిరగడం లేదు. క్రాంకు షాఫ్టుకు, దాని బేరింగులకు నడుమ పలుచని ఆయిలుపొర ఉంటుంది. షాఫ్టు ఆ పొరమీద తేలుతూ తిరుగుతుంది. పొర నిలవాలంటే పంపు ఆయిలును ఒత్తిడితో పంపుతూ ఉండాలి. ఆ ఒత్తిడి బాగా పడిపోయినప్పుడే ఎర్రదీపం వెలుగుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ దీపం ఆయిలు ఎంత ఉన్నదో చెప్పదు, ఒత్తిడి లేదని మాత్రమే చెపుతుంది. ఆయిలు చాలా తగ్గినా, పంపుకు అందినంతసేపు దీపం వెలగదు. కనుక దీపాన్ని నమ్మి కొలతపుల్లను మరువరాదు. ప్రతి ఉదయము ఇంజను వేయకముందే, బండి సమమైన నేలమీద ఉండగా పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మరల ముంచి చూడాలి. రెండు గీతల నడుమ ఉంటే చాలు. పై గీత దాటి పోయడమూ మంచిది కాదు. పుల్లకు అంటిన ఆయిలు పాలు పోసిన కాఫీరంగులో కనబడితే లోపల నీళ్లు కలుస్తున్నవని అర్థము. ఇంజను వేయకుండా మెకానిక్కుకు కబురు పెట్టండి.

దమ్ము చేస్తుండగా ఆయిలు దీపం వెలిగిందనుకోండి. ఇంజను వెంటనే ఆపాలి. ‘ఈ మడి అయ్యేదాకా’ అన్నమాట వద్దు. పొర తెగిన బేరింగు కొద్ది నిమిషాలలోనే కాలి, షాఫ్టును గీరి, ఇంజను పట్టేస్తుంది. లీటరు ఆయిలుతో పోయేది క్రాంకు షాఫ్టు దాకా వస్తుంది. బండి వర్క్‌షాపులో పడివుంటే నారు ముదరక ఆగదు, బ్యాంకు వాయిదా కూడా ఆగదు.

ఇక్కడ యజమానులతో ఒక మాట. గంటల లెక్కన కిరాయికి తిరిగే బండిలో, దీపం చూచి ఆపిన డ్రైవరును ‘ఎందుకు ఆపావు? కానీయ్!’ అని గదిమేవాళ్లు ఉన్నారు. ఒకసారి అట్లా చీవాట్లు తిన్న పిల్లవాడు రెండోసారి ఆపడు. తప్పుగా ఆపితే పోయేది పావుగంట. దానికి కోప్పడకండి.

ఇక బ్యాటరీ దీపము. ఇంజను నడుస్తుండగా ఇది వెలిగితే డైనమో నుంచి బ్యాటరీకి కరెంటు ఎక్కడం లేదన్న మాట. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ అవసరం లేదు కనుక, మామూలు పంపు ఉన్న ట్రాక్టరు ఆగిపోదు. అందుకే దీన్ని లెక్కచేయరు. కాని చాలా ట్రాక్టర్లలో డైనమోను తిప్పే బెల్టే నీళ్లపంపునూ ఫ్యానునూ తిప్పుతుంది. బెల్టు తెగితే మొదట చెప్పేది ఈ దీపమే. వేడి తరువాత పెరుగుతుంది. కాబట్టి దిగి బెల్టు చూడండి. ఉంటే ఇంటికి తోలుకొని రావచ్చు, తెగితే కదలరాదు. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం మాత్రమే లోపలికి పోవాలి. ఇది ఇంజను ఆపి చూడవలసిన పని.

వేడిముల్లు ఎర్రగీత చేరితే ఏమి చేయాలి? ఆయిలు దీపానికి, దీనికి వైద్యం ఒకటి కాదు. అక్కడ పొర తెగింది గనుక తక్షణం ఆపాము. ఇక్కడ బెల్టు బాగుండి, నీళ్లు ఉన్నట్లయితే, బరువు దించి, గేరు న్యూట్రల్ చేసి, ఇంజనును కొద్ది నిమిషాలు నెమ్మదిగా తిరగనివ్వాలి. తిరుగుతున్న నీళ్లు వేడిని బయటికి లాగివేస్తవి. ఒక్కసారి ఆపితే నీళ్లు నిలిచిపోయి హెడ్డుచుట్టూ వేడి ఇంకా పెరుగుతుంది. ముల్లు దిగకపోయినా, ఆవిరి చిమ్ముతున్నా, బెల్టు తెగినా అప్పుడు ఆపక తప్పదు. ఇంకొక చిత్రమేమిటంటే, నీళ్లు పూర్తిగా కారిపోయినప్పుడు, వేడి కొలిచే మొన గాలిలో ఉండిపోయి ముల్లు కిందనే ఆగవచ్చు. ఇంజను మాడువాసన వేస్తూ బలం తగ్గితే ముల్లును నమ్మకండి.

వేడిగా ఉన్న రేడియేటరు మూత తీయవద్దు. ఇది ఇంజను కోసం చెప్పే మాట కాదు, మీ ముఖం కోసం, కళ్ల కోసం చెప్పే మాట. మూత బిగువుకు లోపలి నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటవి. మూత వదులైందా, ఒక్కసారిగా ఆవిరై ఎగజిమ్ముతవి. అరగంటకు తక్కువ కాకుండా ఆగి, చెయ్యి పెట్టగలిగినంత చల్లారిన పిమ్మట, మందపు గుడ్డవేసి, ముఖం పక్కకు తిప్పి, మొదటి మెట్టుదాకా తిప్పి ఆవిరి పోనిచ్చి, అప్పుడు తీయండి. కాలిన ఇంజనులో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగులుతుంది. ఉప్పు బోరునీళ్లు పోస్తూ ఉంటే, నీళ్లకాగు అడుగున పట్టినట్లే లోపల తెల్లని పెచ్చు కడుతుంది. కంపెనీ చెప్పిన కూలెంటే మేలు. నూర్పిళ్లప్పుడు ఊకా పొట్టూ వచ్చి ముందరి జల్లెడకు అతుక్కుంటవి. మధ్యాహ్నం భోజనానికి దిగినప్పుడు దులిపితే, వేడి గొడవల్లో చాలాభాగం రానేరాదు.

ఒక లీటరు డీజిలు కాలడానికి సుమారు 10,000 లీటర్ల గాలి కావాలి. దుక్కిలో ఆ గాలి నిండా దుమ్మే. ఆ దుమ్ము లోపలికి పోతే సిలిండరును ఆకురాయిలాగ అరగదీస్తుంది. కొన్ని బండ్లలో ఎయిర్ క్లీనరు మూసుకుపోతే పసుపుదీపం వెలుగుతుంది. దీపం లేనివాటిలో నల్లపొగ, బలం తగ్గడమే గుర్తు. ఆయిలుగిన్నె రకమైతే దుమ్ము పనులప్పుడు రోజూ విప్పి, మడ్డి పేరుకుంటే ఆయిలు మార్చాలి. కాగితపు రకాన్ని గట్టిగా నేలకేసి కొట్టకూడదు, చిరిగిందంటే లేనట్లే.

2023 జనవరి నుంచి 50 హార్సుపవరు దాటిన కొత్త ట్రాక్టర్లకు పొగ విషయంలో కొత్త నియమాలు వచ్చినవి. అటువంటి బండ్లలో ఇంజను బొమ్మతో ఇంకొక దీపం ఉంటుంది. అది వెలిగితే కారణం చెప్పేది కంపెనీవారి పరికరమే. ఊరి మెకానిక్కు చేత వైర్లు విప్పించకండి.

గంటలు లెక్కపెట్టే మీటరు కూడా పలకమీదనే ఉన్నది. ఆయిలు, ఫిల్టరు మార్చవలసింది క్యాలెండరు చూచి కాదు, ఆ మీటరు చూచి. ఎన్ని గంటలకో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొత్త బండికి మొదటి మార్పు ఇంకా తొందరగా వస్తుంది. పుస్తకం తెలుగులో కావాలని డీలరును గట్టిగా అడగండి. పద్ధతిగా నేర్చుకోదలచినవారికి అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్రప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణాలయము ఉన్నది. ఊళ్ల కార్యకర్తలు కొత్త డ్రైవర్లకు ఆ చిరునామా అందజేయాలి.

బండి పెట్టెలో ఎప్పుడూ ఒక కొత్త ఫ్యాను బెల్టు, దాన్ని బిగించే స్పానర్లు, లీటరు ఇంజను ఆయిలు, ఒక డబ్బా మంచినీళ్లు, మందపు గుడ్డ ఉంచుకోండి. బెల్టు కొనేటప్పుడు పాతదానిమీది నంబరు రాసుకొని వెళ్లండి.