కాలేజీ లేదు, కంపెనీ లేదు... చేతిలో ఏడాది వీసా

మనవాళ్లు ఏ దేశం వెళ్లినా, దిగేసరికి అక్కడ ఎవరో ఒకరు ఉంటారు. గల్ఫ్‌లో కఫీల్ అనే స్పాన్సర్, అమెరికాలో యూనివర్సిటీ లేదంటే కంపెనీ. మంచో చెడో, ఫలానా వాళ్ల మనిషి అని చెప్పుకోవడానికి ఒక పేరుంటుంది. 2024లో ఆస్ట్రేలియా మన దేశం వాళ్లకు తెరిచిన వర్క్ అండ్ హాలిడే వీసాలో ఆ పేరు లేదు. స్వేచ్ఛంతా అందులోనే ఉంది. కష్టమూ అందులోనే ఉంది.

ఏటా 1,000 మందికే ఈ అవకాశం. వయసు 18 నుంచి 30 మధ్య ఉండాలి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్లు చదివి ఉండాలి, ఓ మోస్తరు ఇంగ్లిష్ రావాలి. 25 ఆస్ట్రేలియా డాలర్లు కట్టి ఆన్‌లైన్‌లో పేరిస్తే కంప్యూటర్ లాటరీ తీస్తుంది. ‘మన కోటా ఉంది, పేరు గ్యారంటీగా వస్తుంది’ అని ఎవరైనా లక్షలు అడిగితే అది పచ్చి మోసం. లాటరీని ఏ కన్సల్టెన్సీ కదిలించలేదు.

పేరు వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. ఇల్లు అద్దెకు కావాలంటే జీతం స్లిప్పులు అడుగుతారు, పాత ఇంటి ఓనరు మాట సాయం అడుగుతారు. నిన్న దిగినవాడికి అవి ఎక్కడివి? అందుకే ముందు హాస్టల్ మంచం, తర్వాత ఎవరి ఇంట్లోనో ఓ గది. పన్ను నంబరు పోస్టులో వస్తుంది, దానికి నిలకడైన అడ్రసు కావాలి. కెఫేకి వెళితే ఇక్కడ పనిచేసిన అనుభవం ఉందా అంటారు. బార్‌లో మద్యం అందించాలంటే ఆర్‌ఎస్‌ఏ అనే సర్టిఫికెట్ ఉండాలి. బీటెక్ పట్టా పెట్టెలోనే ఉంటుంది. తెచ్చుకున్న డబ్బు మాత్రం రోజురోజుకూ కరుగుతుంది. ఖర్చులకు 5,000 డాలర్లు చూపమని వీసా నిబంధన ఊరికే పెట్టలేదు. ఎలాగోలా ఒకచోట కుదురుకున్నా, సాధారణంగా ఒకే యజమాని దగ్గర ఆరు నెలలకు మించి చేయకూడదు. మళ్లీ వెతుకులాట.

రెండో ఏడాది వీసా కావాలంటే మొదటి ఏడాదిలోనే నిర్దేశించిన ప్రాంతాల్లో, నిర్దేశించిన పనులు మూడు నెలలు చేయాలి. చాలామందికి అది పొలం పనే. నగరాలకు దూరంగా ఉండే ఆ తోటల్లో బస, రవాణా, కూలి మూడూ ఒకే కాంట్రాక్టరు చేతిలో ఉంటే పిల్లలు నోరెత్తలేరు. నా భయమంతా ఇక్కడే. గుంటూరు మిరప కోతల్లో కిలోల లెక్కన కట్టినట్టు అక్కడ కోసిన పండ్లు నింపే బిన్నుల (పెద్ద పెట్టెల) లెక్కన కడతారు. చేయి తిరగనివాడికి గంటకు ఎంత గిట్టుతుందో చెప్పక్కర్లేదు. అందుకే 2022 ఏప్రిల్ నుంచి తోటల్లో బిన్నుల లెక్కన కట్టినా గంటకు కనీస వేతనం తగ్గకూడదన్న నిబంధన అమల్లోకి వచ్చింది. తగ్గితే కార్మికుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్‌కు చెప్పొచ్చు. ఏ వీసా మీద వచ్చినా ఆ హక్కు ఉంది. పని గంటలు రోజూ రాసిపెట్టుకోవాలి, జీతం స్లిప్పు అడిగి తీసుకోవాలి.

డబ్బు లెక్క ఇంట్లోవాళ్లకూ తెలియాలి. సంపాదనలో మొదటి డాలరు నుంచే 15 శాతం పన్ను. యజమాని పదవీ విరమణ నిధిలో వేసిన సొమ్మును తిరిగొచ్చేటప్పుడు తీసుకుంటే, అందులో 65 శాతం పన్నుగా పోతుంది. వైద్యానికి అక్కడి ప్రభుత్వ పథకం మెడికేర్ వర్తించదు, బీమా సొంతంగా చేయించుకోవాలి. భార్యాపిల్లల్ని ఈ వీసా మీద తీసుకెళ్లడం కుదరదు.

అయినా వెళ్లాలనుకునే పిల్లల్ని ఆపమని నేను అనను. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి తన కూలి తాను అడిగి తీసుకుని, ఆ డబ్బుతో కొత్త ఊరు చూసి రావడం చిన్న సంగతి కాదు. కానీ నాన్న పొలం తాకట్టు పెట్టి మాత్రం పంపొద్దు. ఫోన్ చేసినప్పుడల్లా ‘పీఆర్ ఎప్పుడొస్తుందమ్మా?’ అని అడగొద్దు. ఈ వీసా నేరుగా పీఆర్‌కు, అంటే శాశ్వత నివాసానికి, తీసుకెళ్లదు. అప్పు నెత్తిన ఉన్న పిల్ల, కూలి ఎగ్గొట్టే తోటను వదిలి రాలేదు.