క్యాంపుకు వెళ్దాం - దోమల లెక్క వేసుకుని వెళ్దాం

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవు” అని పెద్దలు అంటారు. కానీ దోమ రాకడ అలాంటిది కాదు. అది ఏ కాలంలో పెరుగుతుందో, ఏ నీటిలో గుడ్లు పెడుతుందో, ఏ వేళలో కుడుతుందో సైన్సు మనకు చెప్పింది. శత్రువు సంగతి ఇంత తెలిశాక భయపడి ఇంట్లో కూర్చోవడం తెలివి కాదు. తెలిసి తెలిసి దాని ముందుకు వెళ్ళి పడుకోవడం కూడా తెలివి కాదు.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతంలో చదువుకునే మనకు విహారయాత్ర అనగానే రెండు పేర్లు గుర్తుకు వస్తాయి. ఒకటి 1922లో పూర్తయిన పోచారం ప్రాజెక్టు, దాని పక్కనే ఉన్న అభయారణ్యం. రెండోది మంజీర నదిపై 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తి చేసిన నిజాంసాగర్. ఎన్.ఎస్.ఎస్. క్యాంపు అయినా, స్కౌట్స్ క్యాంపు అయినా, స్నేహితులతో ఒక రాత్రి గుడారం వేసుకుని గడపాలన్నా మన మనసు అటే లాగుతుంది. రెండూ నీళ్ళున్న చోట్లే. నీళ్ళున్న చోట దోమ ఉంటుంది. కాబట్టి బస్సు చార్జీలు, బియ్యం, పప్పు లెక్క వేసుకున్నట్టే దోమల లెక్క కూడా వేసుకోవాలి.

మనకే ఎందుకు ఈ లెక్క?

హాస్టల్ విద్యార్థికి జ్వరం వస్తే అది ఒక్కరి జ్వరం కాదు. కబురు అందగానే తల్లో తండ్రో కూలి పని వదిలి రావాలి. రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు అదనం. పరీక్షల ముందు పది రోజులు మంచాన పడితే ఆ నష్టం వేరు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మనం ఒకే గదిలో పక్కపక్కన పడుకుంటాం. క్యాంపులో ఒకరు తెచ్చుకున్న డెంగ్యూ, హాస్టల్‌లోని దోమల ద్వారా మరికొందరికి అంటుకోవచ్చు.

ఈ సంగతిలో మొదటి తాళం తెరిచింది మన హైదరాబాద్ గడ్డ మీదనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో పనిచేస్తున్న వైద్యుడు రొనాల్డ్ రాస్, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ పరిశోధనలకు 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. అందుకే ఆగస్టు 20ని ప్రపంచ దోమల దినంగా జరుపుతారు. ఆయన కనుగొన్నదాని సారాంశం ఇది: దోమ జబ్బును తనంతట తాను పుట్టించదు. రోగి నుంచి తీసుకుని, తన ఒంట్లో కొన్ని రోజులు పెంచి, మరొకరికి ఇస్తుంది.

దోమలు మూడు రకాలు

అన్ని దోమలూ ఒకటే అనుకోవడం పొరపాటు.

అనాఫిలస్ దోమ మలేరియాను మోస్తుంది. కుంటలు, వాగుల అంచులు, బావుల వంటి చోట్ల నిలిచిన నీటిలో గుడ్లు పెడుతుంది. పొద్దు గూకినప్పటి నుంచి తెల్లవారే దాకా కుడుతుంది.

ఏడిస్ దోమ డెంగ్యూ, చికున్‌గున్యాలను మోస్తుంది. కాళ్ళ మీద తెల్ల చారలుంటాయి. పగటి పూట, ముఖ్యంగా పొద్దున, సాయంత్రం కుడుతుంది. ఇది అడవి దోమ కాదు, మన ఇంటి దోమ. మూత లేని డ్రమ్ము, కూలరు, పాత టైరు, కొబ్బరి చిప్ప, పారేసిన ప్లాస్టిక్ గ్లాసు దీనికి చాలు. 2006లో మన పల్లెల్లో మనుషులను నడవలేకుండా చేసిన చికున్‌గున్యా దీని పనే.

క్యూలెక్స్ దోమల్లో ఒక రకం మురికి నీటిలో పెరిగి బోదకాలు వ్యాధిని, ఇంకొక రకం వరి మడుల్లో పెరిగి మెదడువాపు వ్యాధిని మోస్తాయి. ఇవి రాత్రి పూట కుడతాయి.

చాలామంది అడవి అంటేనే మలేరియా అని భయపడతారు. మన రాష్ట్రంలో మలేరియా భద్రాద్రి కొత్తగూడెం, ములుగు వంటి ఏజెన్సీ ప్రాంతాల్లో ఎక్కువ. మన దిక్కు వానాకాలంలో ఎక్కువగా జాగ్రత్త పడాల్సింది డెంగ్యూ విషయంలో. ఆ దోమ చాలాసార్లు చెట్ల మధ్య కాదు, మనం వంట కోసం తెచ్చి పెట్టుకున్న డ్రమ్ము పక్కనే ఉంటుంది.

వెళ్ళే ముందు నాలుగు ప్రశ్నలు

1. ఎప్పుడు? పోచారం మత్తడి దుంకేది వానలు బాగా పడ్డాకే. అందరికీ వెళ్ళాలని అనిపించేదీ అప్పుడే, దోమలు పెరిగేదీ అప్పుడే. 2025 ఆగస్టు చివరి వారంలో మన జిల్లాలో పడ్డ కుండపోత వాన అందరికీ గుర్తుండే ఉంటుంది. అలాంటి వరద వచ్చినప్పుడు పిల్ల పురుగులు కొట్టుకుపోతాయి కాబట్టి దోమలు కొన్ని రోజులు తగ్గినట్టే ఉంటాయి. వరద తీశాక గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వరద పోయిందని వెంటనే గుడారం వేయడం మంచిది కాదు. మత్తడి చూడాలంటే పగలు వెళ్ళి, పొద్దు గూకక ముందే తిరిగి రావాలి. రాత్రి బసకు డిసెంబరు, జనవరి నెలలు మేలు. చలికి దోమలు తగ్గుతాయి. అయితే యాసంగి నాట్ల నీళ్ళు మడుల్లో ఉంటాయి కనుక పూర్తిగా ఉండవని అనుకోరాదు.

2. ఎక్కడ? నీటి అంచున, వరి మడి గట్టున గుడారం వద్దు. నీటికి దూరంగా, కొంచెం ఎత్తుగా, గాలి వీచే చోటు చూసుకోవాలి. దోమ బలమైన గాలిలో ఎగరలేదు. అభయారణ్యంలోకి వెళ్ళాలంటే అటవీ శాఖ అనుమతి తప్పనిసరి. దగ్గరి ఊళ్ళో జ్వరాలు ఉన్నాయా అని అక్కడి ఆశా కార్యకర్తను లేదా ఏ.ఎన్.ఎమ్.ను ముందే అడగాలి. ఉన్నాయంటే తేదీ మార్చుకోవాలి.

3. ఏ వేళ? ఆటలు, పాటలు, చలిమంట అన్నీ మనం సాయంత్రమే పెట్టుకుంటాం. అదే దోమ వేళ. ఆ సమయంలో నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సు వేసుకోవాలి. లేత రంగు బట్టలు మంచివి.

4. ఎవరు? జ్వరంతో ఉన్నవారు వెళ్ళరాదు. వారికీ కష్టం, వారిని కుట్టిన దోమ వల్ల తోటివారికీ ప్రమాదం. చిన్న తరగతుల పిల్లలను రాత్రి బసకు తీసుకెళ్ళేటప్పుడు రెట్టింపు జాగ్రత్త అవసరం.

ఈ ప్రశ్నలకు జవాబులు పక్కపక్కన పెట్టి చూడండి. సెప్టెంబరులో చెరువు అంచున రెండు రాత్రులు, దోమతెరలు లేకుండా - ఇది ఒక ప్లాను. జనవరిలో ఎల్లారెడ్డి పక్క ఊరి బడి గదుల్లో ఒక రాత్రి, దోమతెరలతో, పగలంతా పోచారంలో - ఇది ఇంకొక ప్లాను. చూసేది ఒకే చోటు, పొందే ఆనందం ఒకటే. ప్రమాదం మాత్రం ఒకటి కాదు.

వెంట ఉండాల్సినవి

దోమతెర అన్నిటికన్నా ముఖ్యం. మందు పూసిన దోమతెర అయితే ఇంకా మంచిది. అంచులు పరుపు కిందికి మడవాలి, చిరుగులు కుట్టుకోవాలి. ఒంటికి రాసుకునే దోమల క్రీము సాయంత్రం రాసుకుని, డబ్బా మీద రాసినట్టు మళ్ళీ రాసుకోవాలి. వేపాకు పొగ కొంతసేపు దోమలను తరుముతుంది కానీ తెల్లవార్లూ కాపాడదు. మూసిన గుడారంలో కాయిల్ వెలిగించడం ప్రమాదం. పొగకు ఊపిరి ఆడదు, నిప్పు అంటుకోవచ్చు. నీళ్ళ డ్రమ్ముకు మూత పెట్టాలి. గ్లాసులు, ప్లేట్లు ఏరి తెచ్చేయాలి.

తిరిగి వచ్చాక

చాలామంది మరిచేది ఇక్కడే. దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. డెంగ్యూ అయితే సాధారణంగా 4 నుంచి 10 రోజులకు, మలేరియా అయితే వారం దాటాక, ఒక్కోసారి నెల తరువాత కూడా బయటపడుతుంది. కాబట్టి నెల రోజుల వరకు ఏ జ్వరం వచ్చినా వార్డెన్ గారికి చెప్పి, కామారెడ్డిలో గానీ ఎల్లారెడ్డిలో గానీ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళి రక్త పరీక్ష చేయించుకోవాలి. “ఫలానా తేదీన ఫలానా చోట పడుకున్నాం” అని డాక్టరుకు తప్పక చెప్పాలి. ఆ ఒక్క మాట సరైన పరీక్షకు దారి చూపుతుంది.

డెంగ్యూ అనుమానం ఉంటే ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు, సూదులు వాడరాదు. వాటి వల్ల రక్తస్రావం ఎక్కువ కావచ్చు. డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ వేసుకుని, నీళ్ళు, ఓ.ఆర్.ఎస్., గంజి బాగా తాగాలి. ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోండి: డెంగ్యూలో జ్వరం తగ్గిన తరువాతి ఒకటి రెండు రోజులే ప్రమాదకరం. జ్వరం పోయింది కదా అని ఆటకు పోరాదు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తు, చేతులు కాళ్ళు చల్లబడటం కనిపిస్తే రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్ళాలి. జ్వరంతో ఉన్నవారిని పగలు కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి. అప్పుడే ఆ జ్వరం పక్క మంచానికి పాకదు.

మిత్రులారా! పుస్తకంలో చదివిన అడవిని, ఆనకట్టను కళ్ళారా చూడటం కూడా చదువే. పేదరికం వల్ల ఎన్నో చూడలేకపోతున్న మనం, దోమకు భయపడి ఉన్న ఊరి పక్క అందాన్ని కూడా వదులుకోవద్దు. నాలుగు ప్రశ్నలు వేసుకుందాం, నెలను చూసి బయలుదేరుదాం, దోమతెర మడిచి సంచిలో పెట్టుకుందాం. శుక్రవారం డ్రై డే నాడు మన హాస్టల్ డ్రమ్ములు, కూలర్లు కడిగే పని కూడా మనమే చేద్దాం. ఆరోగ్యంగా వెళ్దాం, ఆరోగ్యంగా తిరిగి వద్దాం!