ఆకాశంలో దొరికిన జీవి ఎక్కడిది?

సంక్రాంతి దాటితే నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి చుట్టుపక్కల పసుపు తవ్వకాలు జోరందుకుంటాయి. తవ్విన కొమ్ములను డ్రమ్ముల్లో పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. కళ్లంలో రోజుల తరబడి ఎండబోసి, పాలిష్ పట్టాకే నిజామాబాద్ యార్డుకు తోలుతారు. అంత వేడికి సూక్ష్మజీవులన్నీ చచ్చిపోతాయని అనుకుంటాం. కానీ అన్నీ చావవు. మట్టిలో ఉండే బాసిల్లస్ బ్యాక్టీరియా తిండి దొరకని రోజుల్లో తన జన్యుపదార్థం చుట్టూ గట్టి పొరలు కట్టుకుని, లోపలి నీటిని చాలావరకు వదిలేసి, సిద్ధబీజంగా మారిపోతుంది. ఆ స్థితిలో దానికి ఆకలి లేదు, ఎదుగుదల లేదు. మరిగే నీటి వేడినీ చాలాసేపు తట్టుకుంటుంది. తడి, తిండి దొరికిన రోజున మళ్లీ లేస్తుంది. మసాలా దినుసులను పరీక్షించినప్పుడు బాసిల్లస్ తరచూ బయటపడేది అందుకే.

ఈ మట్టి జీవి బంధువులే మన నెత్తిన, ప్రయాణికుల విమానాలు కూడా చేరని ఎత్తులో దొరికాయి.

2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక పెద్ద బెలూన్‌ను పంపింది. దాని కింద 459 కిలోల పరికరం, అందులో గాలి తీసేసి శుద్ధి చేసిన 16 స్టీలు గొట్టాలు. వాటిని సున్నాకు దిగువన 246 డిగ్రీల చల్లదనం ఉండే ద్రవ నియాన్‌లో ముంచి ఉంచారు. గొట్టం మూత తెరుచుకోగానే బయటి గాలి లోపలికి వచ్చి గోడలకు గడ్డకడుతుంది. ఖాళీ అయిన చోటికి మరింత గాలి వస్తుంది. పలచని గాలిని పోగుచేయడానికి ఇంతకన్నా తెలివైన ఉపాయం నాకు తోచదు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో పట్టిన గాలి పారాచూట్‌తో నేలకు దిగింది. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, పుణెలోని మరో ప్రయోగశాల దాన్ని విడివిడిగా పరీక్షించాయి.

12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్రాల సమూహాలు పెరిగాయి. వాటిలో మూడు బ్యాక్టీరియాలు శాస్త్రానికి కొత్తవని 2009లో ప్రకటించారు. ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరిట ఒకటి జానిబాక్టర్ హోయలై అయింది. మిగతా రెండింటినీ అప్పట్లో బాసిల్లస్‌లుగా గుర్తించారు. ఒకదానికి ఇస్రో పేరు, రెండోదానికి ఆర్యభట పేరు పెట్టారు. తమ దగ్గరి బంధువుల కన్నా ఈ మూడూ అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకున్నాయి.

అంటే గ్రహాంతర జీవులా? ఇస్రోయే అలా చెప్పలేదు. ఇతర లోకాల నుంచి వచ్చాయని ఈ ప్రయోగం తేల్చలేదని స్పష్టంగా అంది. నా మట్టుకు ఇవి మన నేలవే. తర్వాతి ఏళ్లలో ఆర్యభట పేరున్న బాసిల్లస్ మామూలు పొలాల్లో కనిపించింది. మధ్య భారతంలో సోయా వేర్ల దగ్గరి మట్టిలోనూ దొరికింది, మొక్కకు జింకు అందించడంలో సాయపడింది. ఆకాశానికి ఎగిరింది మట్టే అనుకోవడం సబబు.

అందుకని ప్రయోగం విలువ తగ్గదు. సుమారు 35 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం అంగారకుడి నేల మీది పీడనానికి దగ్గరగా ఉంటుంది. చలి, పొడి, గుచ్చే కిరణాలు అక్కడా ఇక్కడా ఉన్నవే. అంత కఠినమైన చోటి నుంచి తెచ్చాక కూడా భూమి జీవి మళ్లీ పెరిగిందంటే, అంగారకుడి మీద జీవం దొరకవచ్చన్న ఆశకు బలం వస్తుంది. దాంతోపాటే ఒక చిక్కూ వస్తుంది. అక్కడ ఏదైనా దొరికితే అది అక్కడిదా, మన వాహనం మోసుకెళ్లిందా? ఈ భయంతోనే 1976లో అంగారకుడిపై దిగిన రెండు వైకింగ్ వాహనాలను బయలుదేరే ముందు 111 డిగ్రీలకు పైగా పొడి వేడిలో గంటల తరబడి ఉంచారు. ఆ జాగ్రత్త ప్రధానంగా సిద్ధబీజాల కోసమే.

హైదరాబాద్ బెలూన్లు ఇప్పటికీ ఎగురుతున్నాయి. వాటి పరికరాలు దిగే అవకాశమున్న జిల్లాల్లో నిజామాబాద్ కూడా ఉంది. పొలంలో రంగు పారాచూట్, దానికి కట్టిన పెట్టె కనిపిస్తే విప్పకండి, తాకకండి. తెలియక కదిపితే ఏళ్ల శ్రమ చెడిపోవచ్చు. దగ్గరి పోలీస్ స్టేషన్‌కు కబురు పెట్టండి.