మూసీ పుట్టిన గుట్టలు

ముషీరాబాదులో ఉండే ఆలుమగలు ఒక్క రోజులో చూసి రాగల చోటు అనంతగిరి. వికారాబాద్ పక్కన ఉన్న గుట్టలివి. సుమారు 80 కిలోమీటర్లు.

సద్ది కట్టుకుని పొద్దున్నే ఇమ్లీబన్ బస్టాండుకు పోవాలి. బోర్డు చదివి వికారాబాద్ బస్సు ఎక్కాలి. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు. గుర్తింపు కార్డు చూపితే జీరో టికెట్టు ఇస్తారు. డబ్బులు మొగుడికే!

బస్టాండు పక్కనే మూసీ నది. అక్కడ అందరూ ముక్కు మూసుకుంటారు. ఆ మూసీ పుట్టింది అనంతగిరిలోనే. అక్కడ చుట్టూ అడవి, అనంత పద్మనాభస్వామి గుడి. వానాకాలం సన్నని వాగులు పారతాయి. నీళ్లలో మురుగు ఉండదు. మురుగు కలిపింది నగరమే.

ఈ నదే 1908 సెప్టెంబరులో పొంగింది. వేలమంది చనిపోయారు. మళ్లీ అట్లా జరగకుండా మూసీకి అడ్డంగా గండిపేట చెరువు కట్టారు. 1920లో పూర్తయింది. నగరానికి తాగునీళ్లు కూడా దొరికాయి. ఆ చెరువు చూడటానికి ఇంకో రోజు పెట్టుకోవాలి. రెండూ ఒకే రోజు కుదరవు.

వికారాబాద్‌లో దిగగానే తిరుగు బస్సుల టైములు అడిగి కాగితం మీద రాసుకోవాలి. చీకటి పడకముందే గుట్ట దిగాలి.