కోళ్ల నెత్తుటిలోని క్రిములు

పల్లెలలో కోడి చచ్చినంతనే కొక్కెర తెగులని చెప్పి పూడ్చివేయుట పరిపాటి. కొక్కెర తెగులు భయంకరమైనదే. కాని పచ్చని విరేచనములు, కాళ్లు పడిపోవుట, గ్రుడ్లు తగ్గుట అను లక్షణములు దానికొక్కదానికే చెందినవి కావు. దోమలవలనను, నుసుములవలనను నెత్తుటఁ జేరు క్రిములును వీనినే పుట్టించును. ఇది యెఱుఁగని రైతు, టీకా వేయించినను కోళ్లు చచ్చెనని టీకానే నిందించును. ఈ భ్రాంతివలన మొదట నష్టపడునది పెరటికోళ్ల గ్రుడ్లమ్మి ఉప్పుపప్పులకు జరుపుకొను బీద గృహిణి. కావుననే ఈ విషయమును పాఠకుల యెదుటఁ బెట్టుచున్నాము.

ఈ క్రిములలో ముఖ్యమైన తెగలు రెండు. మొదటిది మనుష్యుల మలేరియాకు దాయాది యగు ప్లాస్మోడియం. కోళ్లనంటు గల్లినేసియం జాతిని 1935లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుఁడు బ్రంప్ట్ వర్ణించెను. దీనిని దోమలు మోయును. రెండవది ల్యూకోసైటోజోవన్. దీనిలోని కౌలరీ జాతిని 1909లో మాతిస్, లెజే అను పండితులు టాంకిన్‌లో కనుగొనిరి. దీనిని వ్యాపింపఁజేయు నుసుములు వరిమళ్లలోఁ బెరుగును. గల్లినేసియమునకు అడవికోడియే సహజాశ్రయమని పండితుల యభిప్రాయము. అడవికోడి దానిని పెద్ద బాధలేక సహించును. పెంపుడు కోడి తఱచు కూలిపోవును. కావున పెరటికోడిని మాత్రమే చూచినఁ జాలదు. అడవియంచునఁ దిరుగు కోడినిఁ గూడఁ జూడవలయును.

పరీక్ష కష్టమైనది కాదు. రెక్క క్రింది నరమునుండి యొక బొట్టు తీసి, గాజుపలకపైఁ బలుచగాఁ బూసి, ఆఱనిచ్చి, జీమ్సా రంగు వేసి సూక్ష్మదర్శినితోఁ జూడవలయును. మనుష్యుల ఎఱ్ఱకణమునకు బీజము లేదు, కోడి కణమునకుఁ గలదు. దానినే క్రిమియని భ్రమింపరాదు. కణములో నల్లని వన్నెరేణువులు కనఁబడినచోఁ బ్లాస్మోడియమును శంకింపవలయును. ల్యూకోసైటోజోవన్‌కు ఆ రేణువులుండవు. క్రిములు మిక్కిలి తక్కువగా నున్నపుడు కంటికిఁ జిక్కవు. అప్పుడు వాని జన్యుపదార్థమును పీసీఆర్ పద్ధతిచేఁ బట్టుదురు. ఇందులకు అద్దుడు కాగితముపై నాఱిన నెత్తుటిచుక్కయుఁ జాలును. ఐనను రెండు తెగలు కలిసియున్నపుడు పీసీఆర్ ఒకదానిని విడువవచ్చును. కావున గాజుపలకను మానరాదు.

ఈ విద్య మనకుఁ బరాయిది కాదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, హుసేన్‌ఖాన్ అను రోగి నెత్తురు త్రాగిన దోమలో మలేరియా క్రిమిని జూచెను. 1898లో కలకత్తాలోఁ బక్షుల మలేరియాయే దోమకాటు రహస్యమును పూర్తిగాఁ దెలిపెను. 1902లో నోబెల్ బహుమానము రాస్‌కు దక్కెను. పిదప పాలుడ్రిన్ మందు గుణమును కోడిపిల్లలలోనే పరీక్షించి తెలిసికొనిరి. మనుష్యుని రక్షించుటకు నెత్తురు ధారవోసిన కోడికి ఆ శాస్త్రఫలము నేఁడు మన గడ్డపై నందకుండుట న్యాయమా?

పశువైద్యశాల యన్నచోట సూక్ష్మదర్శినియు, రంగును, వానిని వాడనేర్చిన మనిషియు నుండవలయును. అడవికోళ్లను 1972 నాటి వన్యప్రాణి చట్టము కాపాడుచున్నది; వానిని పరీక్షించుటకు అటవీశాఖ యనుమతియు, తోడ్పాటును గావలయును. భూస్వాములు దొడ్డిలో నీరు నిలువనీయక, సాయంకాలమున కోళ్లగూటికి సన్నని వల కట్టించి, కోడి చచ్చిన పిదపఁ గాక జబ్బుపడిన దినముననే వైద్యునకుఁ జూపవలయును. ఈ క్రిములు మనుష్యుల నంటవు, భయమక్కఱలేదు. ఐనను ఉపేక్ష పనికిరాదు. రోగమునకుఁ బేరు తెలియనిదే మందు తెలియదు.