ఈ-కామర్స్ : చదువుకు గీటురాయి

నెల్లూరు నగరానికి ఉత్తరాన, పెన్నానది ఆవలి ఒడ్డున కోవూరు ఉన్నది. చుట్టూ పచ్చని వరిపొలాలు. సమీపంలోనే చేనేతకు పేరుపొందిన పాటూరు గ్రామం. మగ్గంపై రూపుదిద్దుకొన్న చీర దూరప్రాంతపు కొనుగోలుదారుని చేరేలోగా పలువురు వర్తకుల చేతులు మారుతుంది. నేసినవానికీ, కట్టుకొనేవారికీ నడుమ ఉన్న ఈ దూరాన్ని తగ్గించగల సాధనాలలో ఈ-కామర్స్ ఒకటి.

కంప్యూటర్ నెట్‌వర్క్ ద్వారా వస్తువులను, సేవలను కొనడం, అమ్మడమే ఈ-కామర్స్. 1979లో ఇంగ్లండుకు చెందిన మైకేల్ ఆల్‌డ్రిచ్ టెలివిజన్‌ను టెలిఫోన్ తీగ ద్వారా కంప్యూటర్‌తో అనుసంధించి, ఇంటినుండే కొనుగోలు చేసే విధానాన్ని రూపొందించాడు. 1995లో అమెజాన్ సంస్థ ఇంటర్నెట్‌లో పుస్తకాల విక్రయం ప్రారంభించింది. మనదేశంలో సమాచార సాంకేతిక చట్టం 2000 అక్టోబరు 17న అమలులోకి వచ్చి, ఎలక్ట్రానిక్ పత్రాలకు చట్టబద్ధత కల్పించింది. 2002లో రైలు టికెట్లు ఇంటర్నెట్‌లో లభించసాగాయి. 2016లో యూపీఐ వచ్చిన పిమ్మట సామాన్యునికి సైతం చెల్లింపులు సులభమయ్యాయి.

సమాచార సాంకేతిక విద్యలో చివరి సంవత్సరం ప్రాజెక్టుకు విశిష్ట స్థానం ఉన్నది. అంతవరకు విడివిడిగా అభ్యసించిన విషయాలను ఒకచోట చేర్చి, పనికివచ్చే వ్యవస్థను నిర్మించడమే దాని లక్ష్యం. ఇందుకు ఈ-కామర్స్ ఎంతో అనువైనది. సరుకుల వివరాలను భద్రపరచడానికి డేటాబేస్, సమాచారం చేరవేయడానికి నెట్‌వర్క్, రహస్యాలను కాపాడడానికి సంకేతీకరణ, లెక్కలకు వాణిజ్యశాస్త్రం - ఇవన్నీ ఇందులో అవసరమే. అయితే, ఇది కేవలం ప్రోగ్రాములు రాయడంతో ముగిసే పని కాదు.

ఒక ఉదాహరణను పరిశీలిద్దాం. కొందరు విద్యార్థులు పాటూరు చీరల విక్రయానికి వెబ్‌సైట్ నిర్మించదలచారనుకొందాం. యంత్రంపై తయారైన వస్తువులు ఒకే తీరున వేలకొలది లభిస్తాయి. మగ్గంపై నేసిన చీర అట్లా కాదు. ఒక రంగులో, ఒక అంచుతో ఒక్కటే ఉండవచ్చు. ఆ ఒక్క చీరకు హైదరాబాదులో ఒకరు, చెన్నైలో ఒకరు ఒకే క్షణంలో డబ్బు చెల్లిస్తే ఏమగును? చీర ఒక్కటే, కొనుగోలుదారులు ఇద్దరు. ఒకరి లావాదేవీ పూర్తయ్యేవరకు రెండవవారికి ఆ చీర లభించకుండా డేటాబేస్ అడ్డుకోవాలి. తరగతిలో నిర్వచనంగా వల్లించిన పాఠం ఇక్కడ ఒక మనిషి నమ్మకానికి సంబంధించిన విషయమవుతుంది.

సమస్యలు ఇంతటితో తీరవు. తెరపై కనిపించే రంగుకూ, అసలు రంగుకూ తేడా ఉంటే చీర తిరిగి రావచ్చు. ఆ రవాణా ఖర్చు ఎవరు భరించాలి? నేత కార్మికుని చేతికి డబ్బు ఎన్నాళ్లకు అందుతుంది? వానాకాలంలో నేత ఆలస్యమైతే కొనుగోలుదారునికి ఏమని తెలియజేయాలి? ఈ ప్రశ్నలకు సమాధానం కంప్యూటర్ ప్రయోగశాలలో దొరకదు. మగ్గం దగ్గర కూర్చొని, నేత కార్మికునితో మాట్లాడి తెలుసుకోవాలి. చట్టాన్ని గూడా తెలుసుకోవాలి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేయాలి. ఒక నెలలోగా దానిని పరిష్కరించాలి.

ఇట్టి పరిశీలన ఎంత ఫలవంతమో నిరూపించిన తెలుగువారున్నారు. 2005 దీపావళికి బెంగళూరు నుండి స్వస్థలానికి పోదలచిన ఫణీంద్ర సామ అనే యువ ఇంజనీరుకు బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లు ఖాళీగా ఉన్నవో ఏ ఒక్క ఏజెంటు వద్దా పూర్తి సమాచారం లేదు. ఆయన నిరాశతో ఊరుకోక, బస్సు యజమానులను, ఏజెంట్లను కలిసి వారి పనితీరును అధ్యయనం చేశాడు. 2006లో మిత్రులైన సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ సంస్థను స్థాపించాడు. 2013లో ఐబిబో సంస్థ దానిని కొనుగోలు చేసింది. ఆ విజయానికి మూలం ప్రోగ్రామింగ్ నైపుణ్యం మాత్రమే కాదు, సమస్యను దాని పుట్టినచోటనే పరిశీలించడం.

ఇందుకు భిన్నంగా, కొందరు విద్యార్థులు సిద్ధంగా దొరికే ప్రాజెక్టులను డబ్బిచ్చి కొని సమర్పించడం విచారకరం. వారికి మార్కులు రావచ్చు గాని విద్య రాదు. పరీక్షకులు గూడా తెరల అందాన్ని చూసి తృప్తి చెందక, "ఎవరి అవసరం కోసం దీనిని నిర్మించారు? వారితో మాట్లాడారా? లావాదేవీ మధ్యలో ఆగిపోతే డబ్బు ఏమవుతుంది?" అని ప్రశ్నించాలి. కొని తెచ్చిన ప్రాజెక్టు ఈ ప్రశ్నల ముందు నిలువజాలదు.

వ్యాపారానికి నమ్మకమే మూలధనమని పెద్దల మాట. కొనేవారూ, అమ్మేవారూ ఒకరి ముఖం ఒకరు చూడని ఈ వాణిజ్యంలో ఆ నమ్మకాన్ని వ్యవస్థయే కాపాడాలి. ఆ వ్యవస్థను నిర్మించే విద్యార్థి సాంకేతిక నైపుణ్యంతో పాటు సాటి మనిషి కష్టసుఖాలను అర్థం చేసుకొనే గుణాన్ని అలవరచుకోవాలి. అప్పుడే మగ్గం ముందున్న శ్రామికునికీ, కంప్యూటర్ ముందున్న పట్టభద్రునికీ మధ్య దూరం తగ్గుతుంది, చదువు సార్థకమవుతుంది.